ఇళ్లు సరే, మా వీధిలోనా?

సభకు నమస్కారం. పేదలకు ఇళ్లు కట్టవద్దని బహిరంగంగా అనేవారు ఏ ఊళ్లోనూ దాదాపు కనిపించరు. కట్టండి గానీ మా వీధి పక్కన వద్దు అనేవారే ఎక్కువ. ఆ ఒక్క మాట ఒక నగర ఖజానాను ఊడ్చేయబోయిన ఉదంతాన్ని ఈరోజు మీ ముందు ఉంచుతాను.

న్యూయార్క్ నగరానికి ఉత్తరాన, హడ్సన్ నది ఒడ్డున, యాంకర్స్ అనే నగరం ఉంది. అక్కడి గృహవసతిలో, బడుల్లో జాతి వివక్ష సాగుతోందంటూ 1980లో అమెరికా న్యాయశాఖ దావా వేసింది. 1985లో జడ్జి లియోనార్డ్ సాండ్ ఆరువందల పేజీలకు పైబడిన తీర్పు ఇచ్చారు. సర్కారు సాయంతో కట్టిన సుమారు 6,800 ఇళ్లలో 97.7 శాతం నగరానికి నైరుతి మూలనే ఉన్నాయని, అది యాదృచ్ఛికం కాదని ఆయన తేల్చారు. ఇది ఒక్కరోజులో జరిగింది కాదు. తూర్పు వైపు స్థలం ప్రతిపాదనకు వచ్చినప్పుడల్లా అక్కడి ఇళ్లవారు సభకు తరలివచ్చేవారు, ఆ వార్డు కౌన్సిలర్ కాదంటే మిగిలినవారు ఆయన మాట మన్నించేవారు, దాంతో నాలుగు దశాబ్దాలపాటు ప్రతి కట్టడమూ తిరిగి తిరిగి అడ్డుచెప్పే బలం లేనివారి పేటకే చేరింది.

తూర్పు పేటల్లో 200 ఇళ్లు కట్టమని కోర్టు ఆదేశించింది. దాదాపు రెండు లక్షల జనాభా ఉన్న నగరానికి 200 ఇళ్లు ఏపాటివో మీరే చెప్పండి. అప్పీలుకు వెళతానన్న నికొలస్ వసిస్కో 1987లో, 28 ఏళ్ల వయసులో, మేయరుగా గెలిచారు. అప్పీలు దారి మూసుకుపోవడంతో తీర్పును అమలు చేయక తప్పదన్నారు. కౌన్సిల్‌లో నలుగురు ఒప్పుకోలేదు. 1988 ఆగస్టులో కోర్టు ధిక్కారానికి జరిమానా మొదలైంది: తొలిరోజు వంద డాలర్లు, ఆపైన రోజూ రెట్టింపు. పై కోర్టు దాన్ని రోజుకు పది లక్షల డాలర్లకు పరిమితం చేసింది. వందలాది నగర ఉద్యోగులను ఇంటికి పంపవలసిన పరిస్థితి వచ్చాక, సెప్టెంబరులో కౌన్సిల్ తలొగ్గింది. వసిస్కో మరుసటి ఏడాది ఎన్నికల్లో ఓడిపోయారు.

తూర్పు పేటవారందరూ ద్వేషంతోనే ఎదిరించారని నేను అనుకోను. నైరుతిలోని బహుళ అంతస్తుల సముదాయాల దుస్థితి వారికి తెలుసు, జీవితకాలపు పొదుపంతా ఒక్క ఇంట్లోనే పెట్టుకున్నవారికి దాని ధర పడిపోతుందన్న భయం చిన్నది కాదు. అయితే ఆ భయం పుట్టింది కట్టడం తీరువల్ల, వారు దానిని అందులో ఉండే మనుషుల మీదికి మళ్లించారు. కోర్టు సలహాదారైన వాస్తుశిల్పి ఆస్కార్ న్యూమన్ సరిగ్గా ఈ ముడినే విప్పారు. అందరిదీ అయిన మెట్లూ వరండాలూ చివరికి ఎవరివీ కాకుండా పోతాయన్నది ఆయన వాదన. అందుకే 200 ఇళ్లను ఒకేచోట పోగుపెట్టకుండా ఏడు స్థలాల్లో, రెండంతస్తుల వరుస ఇళ్లుగా, ఎవరి గుమ్మం వారికి, ఎవరి పెరడు వారికి ఉండేలా కట్టించారు. 1992లో తొలి కుటుంబాలు చేరాయి.

ఇక మన సంగతి. హైదరాబాదులో ఇంతటి గొడవ ఎందుకు జరగలేదని అడిగితే, మనకు సహనం ఎక్కువ అని జవాబు చెప్పడానికి నాకు నోరు రాదు. పొరుగువారు లేని చోట కడితే పొరుగువారి అభ్యంతరమూ ఉండదు. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన కొల్లూరులో 15,660 డబుల్ బెడ్‌రూం ఇళ్లు ఒకేచోట లేచాయి, 2023లో ప్రారంభమయ్యాయి. ఇళ్లు చక్కనివే. కానీ నగరం నడిబొడ్డున ఇళ్లపనికో అడ్డామీది కూలికో వెళ్లేవారికి అక్కడినుంచి రోజూ పట్టే బస్సుచార్జీ, గంటల ప్రయాణం, యాంకర్స్ తూర్పు పేటవారు పడిన జగడానికి బదులుగా మనం పేదవారి చేత కట్టిస్తున్న సుంకం.

మరో దారి మన దగ్గరే ఉంది. సికింద్రాబాదులోని ఐడీహెచ్ కాలనీలో అక్కడి బస్తీలోని పాత ఇళ్లను తీసేసి, ఆ జాగాలోనే 396 ఇళ్లు, పైన రెండంతస్తులకు మించకుండా, కట్టి 2015లో ఇచ్చారు. అక్కడ కొత్తగా వచ్చినవారు ఎవరూ లేరు, పక్కవీధివారికి వారంతా ఎప్పటినుంచో తెలిసిన ముఖాలే.