కోరో: ఎండని ఎండలాగే వేసిన మనిషి

హాయ్ అండీ, వెల్కమ్ బ్యాక్. ఇవాళ ముందు ఒక బొమ్మ చూద్దాం, మాటలు తర్వాత.

[స్క్రీన్ మీద: నార్నీ వంతెన, 1826, లూవ్ర్ మ్యూజియంలో ఉన్నది]

ఇది ఇటలీలో నార్నీ అనే ఊరి దగ్గర, రోమన్ల కాలంలో కట్టి కూలిపోయిన వంతెన. కాగితం మీద ఆయిల్ కలర్స్‌తో వేశాడు, 34 సెంటీమీటర్లు బై 48, అంతే, ఒళ్ళో పెట్టుకోవచ్చు. ముందు ఎర్రమట్టి గట్టు, కింద బురద రంగు నీళ్ళు, మధ్యలో విరిగిన వంతెన, వెనక లేత నీలం కొండలు. మనుషులు లేరు, కథ లేదు. ఒక పూట ఎండ ఆ రాళ్ళ మీద ఎలా పడిందో అదే ఉంది. నేనైతే దీన్ని ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు, చూసిన ప్రతిసారీ ఆ మట్టి వేడి చేతికి తగిలినట్టే ఉంటుంది.

వేసింది కామీ కోరో అనే ఫ్రెంచ్ పెయింటర్. 1796లో పారిస్‌లో పుట్టాడు. వాళ్ళమ్మకి ఆడవాళ్ళ టోపీల షాపు, పారిస్‌లో మంచి పేరున్న షాపు, నాన్న దాని లెక్కలు చూసుకునేవాడు, అంటే డబ్బుకి లోటు లేని ఇల్లు. కొడుకుని బట్టల వ్యాపారంలో పెట్టారు, ఏళ్ళ తరబడి చేశాడు కానీ మనసంతా బొమ్మల మీదే. చివరికి 1822లో, అప్పటికి 26 ఏళ్ళు, ఇంట్లో ఒప్పుకున్నారు. ఆ ముందు ఏడాదే వాళ్ళ చెల్లెలు చనిపోయింది, ఆ అమ్మాయి కోసం పక్కన పెట్టిన ఏడాదికి 1,500 ఫ్రాంకులు ఇప్పుడు ఇతనికి రావడం మొదలైంది. అంటే బొమ్మ అమ్ముడుపోయినా పోకపోయినా కడుపుకి బెంగ లేదు. ఇది చిన్న విషయం కాదండీ, ఆ డబ్బే లేకపోతే ఈ కాగితం బొమ్మలు వేసుకుంటూ కూర్చునే తీరిక అతనికి ఉండేది కాదని నా నమ్మకం.

మొదటి గురువు మిషల్లోన్. ఈయన కూడా 1796లోనే పుట్టాడు, గురువూ శిష్యుడూ ఒకే ఈడు వాళ్ళు. కంటికి కనపడింది కనపడినట్టు వెయ్యి అని నేర్పాడు, కొన్ని నెలలకే, 25 ఏళ్ళకే చనిపోయాడు. తర్వాత కోరో బెర్తాన్ అనే ఇంకో పెయింటర్ దగ్గర చేరాడు.

ఇక్కడ అప్పటి పద్ధతి ఒకటి తెలియాలి. పారిస్‌లో సాలోన్ అని ప్రభుత్వ ఎగ్జిబిషన్ ఉండేది, పెయింటర్‌కి పేరు రావాలన్నా బేరం రావాలన్నా అక్కడ బొమ్మ పెట్టాల్సిందే. అక్కడ పెద్దపీట చరిత్రకి, పురాణాలకి, బైబిల్ కథలకి. చెట్టూ చేమా వేసేవాడిది కింద వరస. ల్యాండ్‌స్కేప్ వేసినా అందులో ఏ దేవతో, గొర్రెల కాపరులో ఉంటేనే దానికి గౌరవం. బయటికెళ్ళి వేసుకోవడం ఉంది, అది కొత్తేం కాదు, కానీ దాన్ని ప్రాక్టీస్ కింద చూసేవాళ్ళు, అసలు బొమ్మ స్టూడియోలో కూర్చుని వేసేదే.

1825లో ఇటలీ బయల్దేరాడు. పంపేముందు అమ్మానాన్నలు ఒక్కటే అడిగారు, నీ బొమ్మ నువ్వే వేసి మాకిచ్చి వెళ్ళు అని. వేసిచ్చాడు, అది ఇప్పుడు లూవ్ర్‌లో ఉంది. ఇటలీలో మూడేళ్ళున్నాడు. అప్పటికి రంగుల ట్యూబులు లేవు, అవి 1841లో గానీ రాలేదు, రంగుని పంది మూత్రాశయంతో చేసిన చిన్న సంచుల్లో కట్టి మోసుకెళ్ళాలి, పొడుచుకుని పిండాలి, మళ్ళీ మూసుకోవాలి, అలాంటి సామానుతో కొండలెక్కి ఎండలో కూర్చుని వేశాడు ఈయన.

[స్క్రీన్ మీద: ఫార్నేసే తోట నుంచి రోమ్, మూడు బొమ్మలు పక్కపక్కన]

ఇవి 1826 మార్చిలోవి. రోమ్‌లో ఫార్నేసే తోటలోంచి మూడు వైపులకి మూడు బొమ్మలు, ఒకటి పొద్దున, ఒకటి మధ్యాహ్నం, ఒకటి సాయంత్రం. ఒక్క రోజులో కాదు, పొద్దుటి బొమ్మకి పొద్దునే, సాయంత్రం బొమ్మకి సాయంత్రమే, రోజుల తరబడి అదే చోటికి వెళ్ళి కూర్చున్నాడు. వెలుగు మారితే ఆ చోటే మారిపోతుందని ఇతనికి అప్పుడే తెలుసు. తర్వాతి తరం పెయింటర్ మోనే ఒకే చర్చిని వేరువేరు వెలుగుల్లో వేసింది 1890ల్లో, అంటే ఇంకా 60 ఏళ్ళ పైన ఉంది.

ఇప్పుడు మళ్ళీ నార్నీకి రండి.

[స్క్రీన్ మీద: నార్నీ వంతెన, 1827 సాలోన్‌కి వేసినది, కెనడాలోని ఒట్టావాలో ఉన్నది]

అదే వంతెన, అదే మనిషి వేసింది. ఇది సాలోన్ కోసం స్టూడియోలో వేశాడు, సైజు అటూ ఇటూ దాదాపు రెట్టింపు. ముందు చక్కగా దారి, పక్కన పొడుగు చెట్లు, మేకలు, కాపరులు, అన్నీ వచ్చి కూర్చున్నాయి. బాగుంది, పని తెలిసిన చెయ్యి అని తెలిసిపోతుంది, కానీ ఆ ఎండ ఏదండీ? ఆ మట్టి ఏది? సాలోన్‌లో బొమ్మల్ని ఎంచే జ్యూరీకి ఏం కావాలో అది ఇచ్చాడు, అతను నిజంగా చూసింది మాత్రం ఆ చిన్న కాగితం మీదే ఉండిపోయింది. నాకు ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే బాధగానే ఉంటుంది.

తర్వాత జీవితం గబగబా చెప్తాను. పెళ్ళి చేసుకోలేదు. ఇటలీకి ఇంకో రెండుసార్లు వెళ్ళాడు, పారిస్ దగ్గరి ఫాంటెన్‌బ్లో అడవిలో వేశాడు, పారిస్ పక్కనే విల్-ద'అవ్రే అనే ఊళ్ళో వాళ్ళ నాన్న కొన్న ఇంటి దగ్గర చెరువుల్ని వేస్తూనే ఉన్నాడు. 1846లో ప్రభుత్వం బిరుదిచ్చింది. 1864లో మోర్త్‌ఫాంటెన్ జ్ఞాపకం అని ఒకటి వేశాడు, వెండి రంగు పొగమంచులో చెరువు, ఒరిగిన చెట్టు, ఒక ఆవిడా ఇద్దరు పిల్లలూ, దాన్ని ప్రభుత్వమే కొంది. ఇలాంటివాటికి గిరాకీ ఎంత పెరిగిందంటే కోరో పేరుతో దొంగ బొమ్మలు కుప్పలుగా వచ్చాయి. అందరికీ నచ్చే కోరో ఈ మంచు కోరో, నాకు మాత్రం ఎండ కోరోనే ఇష్టం.

డబ్బొచ్చాక చేతికి ఎముక లేదు ఈ మనిషికి. చూపు పోతున్న పెయింటర్ దోమియేకి తల మీద కప్పు లేకుండా పోకూడదని ఇల్లు చూసిపెట్టాడు. 1875 జనవరిలో ఇంకో పెయింటర్ మిల్లే చనిపోతే వాళ్ళావిడకి 10,000 ఫ్రాంకులు పంపాడు, అప్పటికి తనకే ఒంట్లో బాలేదు. పిసారో, బెర్త్ మోరిసో, వీళ్ళిద్దరూ ఈయన దగ్గర నేర్చుకున్నవాళ్ళే, 1874లో ఇంప్రెషనిస్టుల, అంటే కళ్ళముందున్న వెలుగునే వేసిన మోనే లాంటివాళ్ళ, మొదటి ఎగ్జిబిషన్‌లో ఇద్దరి బొమ్మలూ ఉన్నాయి.

ఆ మరుసటి ఏడాది, 1875 ఫిబ్రవరి 22న కోరో పోయాడు. రోమ్‌లో ఫార్నేసే తోటలో కూర్చుని వేసిన బొమ్మలున్నాయి కదా, ఆ మధ్యాహ్నంది, సాయంత్రంది, ఆ రెండూ దాదాపు 50 ఏళ్ళు తన దగ్గరే ఉంచుకున్నాడు. వీలునామాలో లూవ్ర్‌కి రాసిచ్చినవి అవే.