బూజే పైపూత అయితే?

(స్టూడియో చర్చ పాఠం)

యాంకర్: నమస్కారం. ఇవాళ మన చర్చ చెక్క మీద కావాలని పెంచే ఒక బూజు గురించి. శిలీంధ్రాల మీద పనిచేసే శాస్త్రవేత్త, ఒక ఆర్కిటెక్ట్, వడ్రంగి మేస్త్రి మనతో ఉన్నారు. మేడమ్ తెచ్చిన నల్ల పలక బల్ల మీద ఉంది. ముందు మేస్త్రి గారు చూడండి.

మేస్త్రి: (పలకను వెలుతురుకు తిప్పి) ఇది పెయింట్ కాదండీ. పెయింటైతే అంచు దగ్గర గోటికి తగులుతుంది. ఇది చెక్కలో కలిసిపోయినట్టుంది, నారల గీతలు కూడా కనిపిస్తున్నాయి. ఉలి పెట్టి చూడొచ్చా మేడమ్?

శాస్త్రవేత్త: చూడండి, అందుకే తెచ్చాను.

మేస్త్రి: దిగట్లేదు. చివికిన చెక్కయితే ఉలి మొన మెత్తగా దిగిపోతుంది. ఇది గట్టిగానే ఉంది. కానీ ఒక మాట. మా పనిలో నల్ల మచ్చ కనిపిస్తే సాండ్ పేపర్ తీసుకుని రుద్దేస్తాం. దాన్ని పెంచుకోమంటే మనసొప్పట్లేదు.

శాస్త్రవేత్త: మీ భయంలో తప్పేం లేదు. సెర్పులా లాక్రిమాన్స్ అనే శిలీంధ్రం పడితే దూలం కూడా గోధుమ రంగు ముక్కలుగా పగిలి, చేత్తో నలిపితే పొడైపోతుంది. అది చెక్కకు బలాన్నిచ్చే సెల్యులోజ్‌నే తింటుంది. ఈ పలక మీదున్నది ఆరియోబసీడియం అనే వేరే శిలీంధ్రం. చెక్క బలాన్ని తినేసే పని దీనికి చేతకాదు. దీనికి మేత మనం పట్టించిన అవిసె నూనె. బూజులన్నిటినీ ఒకే గాటన కట్టేయడం వల్లే ఇన్నాళ్లూ దీన్ని కూడా రుద్ది పారేశాం.

యాంకర్: సరే, నూనె తిని బతుకుతుంది. మరి చెక్కను ఎలా కాపాడుతుంది?

శాస్త్రవేత్త: పూత లేని పలకను ఆరుబయట వదిలేస్తే కొన్నాళ్లకు బూడిద రంగుకు తిరుగుతుంది కదా. నారలను అతికించి ఉంచేది లిగ్నిన్. ఎండలోని అతినీలలోహిత కిరణాలు దాన్ని విరగ్గొడతాయి, విరిగిన ముక్కలను వాన కడిగేస్తుంది. ఇక పైన మిగిలేది పట్టు లేని నార. ఈ శిలీంధ్రం కణాలు ముదిరేకొద్దీ వాటి గోడల్లో మెలనిన్ చేరుతుంది. మన జుట్టుకు నలుపునిచ్చేదీ ఈ రకం పదార్థమే. అది ఆ కిరణాలను తనలోనే పట్టి ఉంచుతుంది, కింద లిగ్నిన్‌కు నీడ దొరుకుతుంది. కణాల చుట్టూ ఒక జిగట కూడా ఉంటుంది. దాని సాయంతో అవి చెక్కకు అంటుకుంటాయి, ఎండకు బిగుసుకుపోయినా చావకుండా ఉండి వాన పడగానే మళ్లీ లేస్తాయి. లోపలికి ఇంకిన నూనె నీటిని అడ్డుకుంటుంది.

మేస్త్రి: ఇక్కడ మేకుతో గీసినట్టు ఒక గీత ఉంది. కానీ అడుగున కూడా నల్లగానే ఉందే!

శాస్త్రవేత్త: ఆ గీత నేనే గీశాను. గీసిన రోజు లోపల పసుపు రంగు చెక్క కనిపించింది. తర్వాత రెండు వైపుల నుంచి కణాలు పాకి మూసేశాయి. పెయింట్ తనంతట తాను ఈ పని చేయలేదు, అది ప్రాణం లేని పొర. నాకు దీని మీద ఇంత మమకారం ఉండటానికి కారణం ఆ ఒక్క గీతే.

ఆర్కిటెక్ట్: నేను కొంచెం అడ్డుపడాలి. రంగు మాటేమిటి? నా క్లయింట్ తెల్ల గోడ అడిగితే ఇది ఇవ్వలేను. గోధుమ, నలుపు, అంతే. అది కూడా అంతటా ఒకేలా రాదు.

శాస్త్రవేత్త: నిజమే. నెదర్లాండ్స్‌లో ఐండ్‌హోవెన్ సాంకేతిక విశ్వవిద్యాలయం పరిశోధకులు ఇదే చూశారు. ఏ చెక్క మీద ఏ నూనె పట్టించాం అన్నదాన్ని బట్టి పొర తేడాగా వస్తుంది. పైన్ చెక్క మీద పచ్చి అవిసె నూనెతో బాగా కమ్ముకుంది. అన్ని జోడీలూ అలా కుదరవు. స్లొవేనియాలో అన్నా సాండక్ బృందం ఆర్కీ-స్కిన్ అనే ప్రాజెక్టులో, ఇలాంటి జీవపూతను చెక్కకే కాకుండా వేరే నిర్మాణ సామగ్రికి కూడా తేవాలని పనిచేస్తోంది.

ఆర్కిటెక్ట్: కాంక్రీటుకైతే తేలిక కాదు. కొత్త కాంక్రీటులో క్షారం చాలా ఎక్కువ, పీహెచ్ 12 దాటుతుంది. అంత క్షారంలో చాలా శిలీంధ్రాలు బతకలేవు.

శాస్త్రవేత్త: ఔను. లోహం సంగతి వేరు. పురుగులను చంపే బ్యూవేరియా బేసియానా అనే శిలీంధ్రం ఉంది, రైతులు వాడేదే. స్విట్జర్లాండ్‌లో ఎడిత్ జోసెఫ్ బృందం దాన్ని తుప్పు పట్టిన కంచు మీద పెంచింది. అది వదిలే ఆక్సాలిక్ ఆమ్లంతో రాగి తుప్పు కాపర్ ఆక్సలేట్‌గా మారుతుంది. అది నీటిలో కరగదు, ఆకుపచ్చగా నిలిచిపోతుంది. అయితే అక్కడ పని ముగిశాక శిలీంధ్రాన్ని తీసేస్తారు, అది చేసిన ఖనిజం మాత్రమే ఉంటుంది. కాబట్టి దాన్ని జీవపూత అనను. చెక్క మీదున్నది మాత్రం ఇప్పుడు కూడా బతికే ఉంది.

యాంకర్: బతికే ఉంది అంటే వినేవాళ్లకు టెన్షన్ వస్తుంది మేడమ్. ఊపిరితిత్తులకు ఏం కాదా?

శాస్త్రవేత్త: ఆరియోబసీడియం బయట ఆకుల మీద, రాళ్ల మీద మామూలుగా ఉండేదే. అలా అని తేలిగ్గా తీసుకోను. కొందరికి దీనితో అలర్జీ వస్తుంది. రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్లలో అరుదుగా ఇన్ఫెక్షన్లు కూడా వచ్చాయి. ఇది బయటి గోడ పని. పడగ్గదిలో పెట్టమని నేనెప్పుడూ చెప్పను.

ఆర్కిటెక్ట్: ఇంకొకటి, పూత వేశాం కదా అని చూరు తగ్గించకూడదు. నీళ్లు నిలిచి చెక్క నిత్యం తడిగా ఉంటే, తినే శిలీంధ్రం రానే వస్తుంది. దాన్ని ఈ నల్ల పొర ఆపలేదు. నీరు జారిపోవాలి, పలక వెనక గాలి ఆడాలి.

మేస్త్రి: మరి రంపంతో కోసిన చోటు? పలక కొస నీళ్లు ఎక్కువ తాగుతుంది కదా.

శాస్త్రవేత్త: మంచి ప్రశ్న అడిగారు. కోసిన వెంటనే కొసకు అవిసె నూనె బాగా పట్టించండి. మేత అందితేనే పక్కనున్న పొర అక్కడికి పాకుతుంది. నూనె అయిపోయిన చోట కూడా అంతే, మళ్లీ పట్టించాలి. రుద్దకండి, గీకకండి.

మేస్త్రి: అయితే ఈ పలక నాకివ్వండి మేడమ్. మా షెడ్డుకు పడమటి గోడ ఉంది, మధ్యాహ్నం ఎండంతా దాని మీదే. వార్నిష్ వేసిన పలక పక్కనే దీన్ని కొడతాను. ఒక కొసకు నూనె పట్టిస్తాను, ఇంకో కొస ఉత్తగా వదిలేస్తాను.

శాస్త్రవేత్త: తీసుకెళ్లండి. వర్షాకాలం దాటాక రెండు కొసలనూ ఫొటో తీసి పంపండి.