మతి చెదిరేది జాతి వల్లనా? ఈ లండన్ లెక్క చూసి మాట్లాడండి!

నమస్తే అన్నలారా, అక్కలారా. ఇవాళ నాకు చాలా కోపంగా ఉంది, దాచుకోను. దేవరకొండ దిక్కు లంబాడీ తండా నుంచి హైదరాబాద్ హాస్టల్‌కు పోయి, మనసు దెబ్బతిని తిరిగొచ్చిన ఒక అమ్మాయి గురించి పోయిన వీడియోలో చెప్పాను కదా. దానికి నాకొచ్చిన జవాబు ఏంటో తెలుసా? "వాళ్ల జాతికే ఆ పిచ్చి ఉంటదన్నా, రక్తంలోనే ఉంది" అట! ఒక్కరు కాదు, చాలామంది అన్నారు.

రక్తమా? సరే, రక్తం లెక్కే చూద్దాం.

ఇంగ్లండ్‌లో లండన్, నాటింగ్‌హామ్, బ్రిస్టల్ ఊళ్లలో పెద్ద అధ్యయనం జరిగింది. ఫలితాలు 2006లో వచ్చాయి. కరీబియన్ మూలాలున్న నల్లజాతి వాళ్లలో స్కిజోఫ్రీనియా, అంటే లేని మాటలు వినిపించే, లేనిపోని అనుమానాలు పట్టే మానసిక జబ్బు, కొత్తగా బయటపడే రేటు అక్కడి తెల్లవాళ్లకంటే దాదాపు 9 రెట్లు! "చూశావా, జాతే" అని లేవకండి, జర ఆగండి. జమైకా, ట్రినిడాడ్, బార్బడోస్‌లో లెక్క తీస్తే ఆ పెరుగుదల లేనే లేదు. అదే రక్తం! అమ్మమ్మ ఊళ్లో మామూలుగా ఉన్న రోగం లండన్‌లో మనవళ్లకు అన్ని రెట్లు ఎందుకైంది?

"ఊరు వదిలిపోయేవాళ్లే ముందునుంచీ బలహీనులు" అని ఇంకో వాదన. అమెరికాలోని మిన్నెసోటాకు వలసపోయిన నార్వే వాళ్లలో ఈ జబ్బు ఎక్కువని 1932లో ఓడెగార్డ్ అనే డాక్టర్ చూశాడు, ఆ మాటే అన్నాడు. బాగుంది. మరి అక్కడే పుట్టిన పిల్లల సంగతేంటి? 2005లో ఎన్నో అధ్యయనాలను కలిపి లెక్కకడితే, వలసపోయినవాళ్లకు ముప్పు 2.7 రెట్లు, వాళ్ల పిల్లలకు 4.5 రెట్లు. పిల్లలు ఏ ఊరూ వదిలిపోలేదు కదా! పుట్టిందే అక్కడ. అయినా "నువ్వు ఇక్కడోడివి కాదు" అనిపించుకుంటూ పెరిగారు.

నేను గట్టిగా చెప్పేది ఇదే. నలుగురిలో పరాయివాణ్ని చేసి రోజూ తక్కువగా చూస్తే మనిషి మతి చెదరొచ్చు. వంశంలో ఉంటే ముప్పు పెరగదని నేననట్లేదు, అన్నకుంటే తమ్ముడికి పెరుగుతుంది. కానీ అది ఇంటి లెక్క. దాన్ని మొత్తం కులం మీద, తండా మీద ఎట్ల రుద్దుతారు?

దక్షిణ లండన్‌లో 2001లో తేలిన ఇంకో సంగతి వినండి. మైనారిటీ జనం తమవాళ్ల మధ్య ఎక్కువమంది ఉన్న వాడల్లో ముప్పు తక్కువ, ఒకరూ ఇద్దరూ ఉన్నచోట ఎక్కువ. ఇది చదవగానే నాకా అమ్మాయే గుర్తొచ్చింది. తండాలో చుట్టూ తమ లంబాడీ భాష గోర్‌బోలి. హాస్టల్ గదిలో ఒక్కతే, నోరు తెరిస్తే యాసకు నవ్వు.

మా ఇంటి ముచ్చట కూడా చెప్తా. మాది అచ్చంపేట దిక్కు. మా చిన్నాయన మేస్త్రీ దగ్గర అడ్వాన్స్ తీసుకుని పుణెకు బిల్డింగ్ పనికి పోయాడు. భాష రాదు, పలకరించే దిక్కు లేదు. రెండేళ్లకు తిరిగొచ్చాక రాత్రంతా కూర్చునేవాడు, గోడ వెనక ఎవరో తన గురించే మాట్లాడుతున్నారని. ఊళ్లో బాణామతి అన్నారు. దర్గాలు తిప్పాం, తాయెత్తులు కట్టించాం, ఏడాది పోయింది. చివరికి ఒక ఆస్పత్రికి తీసుకుపోతే, మేం చెప్పేది వినకముందే అక్కడాయన చీటీ మీద తాగుడు అని రాశాడు. "పాలమూరు లేబర్ కదా, కల్లు తాగుతరు" అన్నాడు. మా చిన్నాయన జీవితంలో కల్లు ముట్టలేదు! తల దించుకుని బయటికొచ్చాడు. తర్వాత ఇంకోచోట ఒక డాక్టరమ్మ మా యాసలోనే "ఏం పెద్దాయనా, నిద్ర పడ్తలేదా?" అంది. ఆమె ముందు గంటసేపు మాట్లాడాడు.

కల్లు మాట వచ్చింది కాబట్టి అదీ చెప్పాలి. 2015లో కల్తీ కల్లును కట్టడి చేసినప్పుడు మహబూబ్‌నగర్, నిజామాబాద్ జిల్లాల్లో జనం వణుకుతూ, ఫిట్స్‌తో, అర్థంలేకుండా మాట్లాడుతూ ఆస్పత్రులకు వచ్చారు. అసలు కారణం చెట్టు నుంచి దించిన కల్లు కాదు. అందులో కలిపిన అల్ప్రాజోలం లాంటి మత్తుమందు ఒక్కసారిగా ఆగితే మెదడు అల్లాడిపోతుంది. లాభం కోసం ఎవరో కలిపితే, నింద మన అలవాట్ల మీద, మన మనుషుల మీద!

ఇంకా మండే విషయం: 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 12 రాష్ట్రాల్లో జరిగింది, అందులో తెలంగాణ లేదు. మన తండాలూ, నల్లమల చెంచు గూడేలూ ఆ లెక్కలోకే రాలేదు. తీర్పులు మాత్రం రెడీ!

దసరా తర్వాత మీ ఇంట్లోవాళ్లు ఎవరైనా మేస్త్రీ వెంట పోతుంటే, రాత్రిపూట ఒక్క పది నిమిషాలు ఫోన్ చేయండి. పైసల సంగతి తర్వాత. నిద్ర పడుతోందా, పక్కన ఎవరుంటున్నారు, ఎవరైనా ఏమైనా అంటున్నారా, అడగండి. మాటల్లో తేడా అనిపిస్తే 14416కు ఫోన్ చేయండి, అది టెలి మానస్ అనే సర్కారు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్. 24 గంటలూ ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.