ముందు అచ్చయింది వేరు, ముందు వాయించింది వేరు

శ్రోతలకు నమస్కారం.

ఎర్రగడ్డ ఆదివారం సంతలో పాత ఫ్యాన్ రెక్కలు, మిక్సీ జార్లు, జత తప్పిన చెప్పుల మధ్య ఒకసారి నాకో ఎల్పీ రికార్డు దొరికింది. "గీతలు తక్కువున్నయ్ అన్నా, తీస్కపో" అన్నాడు అమ్మేవాడు. అట్ట మీద అమెరికన్ జాజ్ గిటారిస్టు వెస్ మాంట్‌గొమరీ పేరు, కింద 'విల్లో వీప్ ఫర్ మీ' అని ఉంది. బేరమాడకుండా కొనేశాను. ఇంటికొచ్చి మెత్తటి గుడ్డతో తుడిచి ముల్లు పెట్టాను. గిటార్ మొదలైంది. నాకు బాగా తెలిసిన గిటారే. మాంట్‌గొమరీ తీగలు మీటే పిక్ అనే చిన్న బిళ్ల వాడడు, బొటనవేలితో మీటుతాడు. అందుకే ఆ నాదంలో గరుకుదనం ఉండదు. అంతా బాగానే ఉంది గానీ, వెనక ఎవరో ఊదుతున్నారు. ఒక్కరు కాదు, గుంపు. ఇంట్లో నలుగురు కూర్చుని మాట్లాడుకుంటుంటే వాకిట్లోకి బ్యాండు మేళం వచ్చి నిలబడ్డట్టుంది.

అప్పటికే నా దగ్గర అదే పాట సీడీ ఉంది. అదీ పెట్టి విన్నాను. గిటార్ వాయింపు రెండింటిలోనూ ఒక్కటే, స్వరం కూడా తేడా లేదు. సీడీలో మాత్రం మేళం లేదు. గిటార్, పియానో, బేస్, డ్రమ్స్. అంతే.

జరిగిందేమిటంటే, 1965లో న్యూయార్క్‌లోని హాఫ్ నోట్ అనే క్లబ్బులో పియానో వాయించే వింటన్ కెలీ బృందంతో కలిసి మాంట్‌గొమరీ వాయించాడు. దాన్ని రికార్డు చేశారు. 1968 జూన్‌లో 45 ఏళ్ల వయసులో ఆయన పోయాడు. మరుసటి ఏడు ఆ టేపుల్లో కొన్నింటికి ఆర్కెస్ట్రా కలిపి ఎల్పీగా విడుదల చేశారు. ఆ ఆర్కెస్ట్రా రాసింది క్లాస్ ఓగర్‌మన్. ఆయన చెయ్యి తిరిగినవాడే, సందేహం లేదు. కానీ చనిపోయిన మనిషి, తాను ఎన్నడూ వినని మేళంతో కలిసి వాయిస్తున్నట్టు వినిపిస్తాడు. తర్వాతెప్పుడో డెబ్బైల్లో ఆర్కెస్ట్రా తీసేసి, క్లబ్బులో వాయించింది వాయించినట్టు మళ్లీ విడుదల చేశారు.

తొంభైల్లో క్యాసెట్లు కొన్నవాళ్లకు ఇది కొత్తేమీ కాదు. పాత హిందీ పాటలకు ఝంకార్ బీట్స్ అని డోలు దరువులు తగిలించి అమ్మేవారు. ఆటోల్లో అవే మోగేవి.

ఇప్పుడు చెప్పండి, ఈ రెండింట్లో ఒరిజినల్ ఏది? పాత రికార్డులు సేకరించేవాళ్లు మొదటి అచ్చు, అంటే మొదటి విడుదలలో వచ్చిన ప్రతి కోసం ప్రాణం పెడతారు. ఇక్కడ మొదటి అచ్చు మేళంతో ఉన్నది. తర్వాత వచ్చిన అచ్చులోనే ఆ రాత్రి వాయింపు ఉన్నదున్నట్టు దొరుకుతుంది. అందుకే రీఇష్యూ, అంటే మళ్లీ విడుదల చేసిన అచ్చు అనగానే మొహం చిట్లించడం నేను మానేశాను.

ఇంకొంచెం వెనక్కి వెళ్దాం. ఎలక్ట్రిక్ గిటార్‌ను జాజ్‌లో ముందువరసలో కూర్చోబెట్టిన చార్లీ క్రిస్టియన్, 1939 నుంచి క్లారినెట్ వాయించే బెన్నీ గుడ్‌మన్ బృందంలో వాయించాడు. 1942లో, పాతికేళ్లకే పోయాడు. ఆయన కాలంలో వచ్చినవి నిమిషానికి 78 చుట్లు తిరిగే ప్లేట్లు. వాటి తయారీలో వాడే షెల్లాక్ లక్క నుంచే వస్తుంది. లాడ్ బజార్‌లో బొగ్గుల కుంపటి మీద కరిగించి గాజులు చేస్తారే, ఆ లక్కే. పది అంగుళాల ప్లేటులో ఒక వైపుకు మూడు నిమిషాలు, అంతకన్నా పట్టదు. బృందంలో అందరికీ వంతులు రావాలి కాబట్టి క్రిస్టియన్‌కు మిగిలేది ఎన్నో సెకన్లు కాదు.

1955లో క్రిస్టియన్ పాత రికార్డింగులతో ఒక ఎల్పీ తయారుచేసినవాళ్లు ఆ లోటు తీర్చాలనుకున్నారు. 'బ్రేక్‌ఫస్ట్ ఫ్యూడ్' అనే పాటను గుడ్‌మన్ బృందం అప్పట్లో చాలాసార్లు వాయించి రికార్డు చేసింది కదా, ఆ వేర్వేరు టేకుల్లోంచి క్రిస్టియన్ ఒక్కడే ముందుకొచ్చి వాయించిన సోలోలు కత్తిరించి ఒకే పాటలో వరసగా అతికించారు. వింటే ఒకే ఊపులో వాయించినట్టుంటుంది. ప్రతి స్వరమూ అతనిదే, ఆ వరస మాత్రం అతనిది కాదు. తిడదామంటే నాకు మనసొప్పదు, ఎందుకంటే ఆ ఎల్పీలోనే ఇంకోటి ఉంది. 1941 మార్చిలో ఒకరోజు గుడ్‌మన్ స్టూడియోకు ఇంకా రాలేదు. మిగతావాళ్లు ఊరికే కూర్చోలేక వాయించుకుంటున్నారు. ఆ ముచ్చట రికార్డయింది, తర్వాత 'వెయిటింగ్ ఫర్ బెన్నీ' అని పేరు పెట్టారు. అమ్మడానికి కాదు, చేతులు ఊరుకోక వాయించింది. అది జనం చెవిన పడింది రీఇష్యూ పుణ్యమానే.

ఇంకో జాజ్ గిటారిస్టు గ్రాంట్ గ్రీన్ ఎల్పీ 'ఐడిల్ మూమెంట్స్' సంగతి ఇంకా సరదాగా ఉంటుంది. 1963 నవంబరులో రికార్డింగ్ ఇంజనీరు రూడీ వాన్ గెల్డర్ స్టూడియోలో రికార్డు చేశారు. అదే పేరున్న నిదానపు పాటలో ఒక చుట్టు అంటే 16 బార్లా, 32 బార్లా అన్నచోట వాయించేవాళ్ల మధ్య లెక్క తప్పింది. మన భాషలో ఎన్ని ఆవర్తనాలన్న గొడవ అన్నమాట. తప్పిన లెక్కతోనే అందరూ ఒకరి తర్వాత ఒకరు తీరిగ్గా వాయించేసరికి పాట దాదాపు 15 నిమిషాలైంది. అద్భుతంగా వచ్చింది, చెరపబుద్ధి కాలేదు. మరి ఎల్పీలో ఒక వైపుకు నిక్కంగా పట్టేది ఇరవై నిమిషాల పైచిలుకు. దాంతో పదకొండు రోజుల తర్వాత మళ్లీ స్టూడియోకు వెళ్లి, మిగతా పాటల్లో రెండింటిని కుదించి వాయించారు. ఎల్పీకెక్కింది ఆ పొట్టి రూపాలు. మొదట వాయించిన పొడుగు రూపాలు సీడీలు వచ్చాక బయటపడ్డాయి. నాకు పొడుగు 'జాన్ డి ఫ్లర్' ఇష్టం. కానీ ఎల్పీ వరసను మధ్యలో ఆపి దాన్ని వినబుద్ధి కాదు, భోజనమయ్యాక స్వీటు తిన్నట్టు చివర్లో వింటాను.

ఇక శబ్దం సంగతి. అరవైల్లో రెండు స్పీకర్లలో వేర్వేరు శబ్దం వినిపించే స్టీరియో మోజు పెరిగినప్పుడు, అంతా ఒకే శబ్దంగా ఉండే పాత మోనో రికార్డింగులను కూడా స్టీరియో అని అమ్మడం మొదలైంది. బరువు శబ్దాన్ని ఒక స్పీకర్‌కు, పదును శబ్దాన్ని ఇంకో స్పీకర్‌కు నెట్టి, ఒకదాన్ని రవ్వంత ఆలస్యం చేస్తే స్టీరియో అయిపోయిందన్నారు. అలాంటి రీఇష్యూలో గిటారిస్టు తల ఒక గదిలో, చేతులు ఒక గదిలో ఉంటాయి. అవి దొరికితే ధైర్యంగా వదిలేయండి.

అలాగని తొలి ఎల్పీలు టేపుకు అచ్చంగా నకళ్లేమీ కాదు. ముల్లు గాడి దాటి ఎగిరిపడకుండా, ప్లేటు కోసేటప్పుడే బేస్ కొంత తగ్గించడం అప్పట్లో మామూలు. కొత్త అచ్చులో బేస్ ఎక్కువగా ఉందంటే కల్పించారనుకోనక్కర్లేదు, టేపులో మొదటినుంచీ ఉన్నది ఇప్పుడు వదిలారేమో. సీడీల కాలంలో వచ్చిన జబ్బు ఇంకోటి. మెల్లగా వాయించిన చోటా, గట్టిగా వాయించిన చోటా ఒకే ఎత్తుకు తెచ్చి, మొత్తం హోరెత్తించడం. బొటనవేలు తీగను తాకి వదిలే ఆ చిన్న తేడా అందులో చచ్చిపోతుంది. ఈ రేడియో మాత్రం తక్కువ తిందా అంటారేమో! నా గొంతునూ కొంత నొక్కే మీకు పంపిస్తున్నారు.

ఇంట్లో పోల్చి చూడాలంటే ఒకటే జాగ్రత్త. రెండు అచ్చులనూ ఒకే వాల్యూమ్‌కు తెచ్చుకోండి. రవ్వంత గట్టిగా మోగేదే మంచిదని చెవి మోసపోతుంది. రాత్రి పదకొండు దాటాక, వీధిలో హారన్లు తగ్గాక, ఫ్యాన్ ఆపి వినండి. మే నెలలో వద్దులెండి.

మరుసటి ఆదివారం మళ్లీ ఎర్రగడ్డ వెళ్లాను. అతను గుర్తుపట్టి, "ఎట్లుంది అన్నా ప్లేటు?" అన్నాడు. గిటార్ బాగుంది గానీ వెనక బ్యాండు ఎక్కువైందన్నాను.

"బ్యాండుకు నేనేమన్న ఎక్కువ తీస్కున్ననా అన్నా?" అన్నాడు.