కోళ్ల గూటిలో కొమ్మ దండెం

పెరటికోళ్లు పెంచేవాళ్లందరికీ నమస్కారం.

గూట్లో కోళ్లు ఎక్కి పడుకోవడానికి దండెంగా ఇనుప పైపు, వెదురు, చెట్టు కొమ్మ, ఈ మూడింట్లో దేన్ని వెయ్యాలంటే కొమ్మే వెయ్యమంటాం. పైపు మీద కాలు జారుతుంది, పైగా రేకుల కింద వేడెక్కుతుంది. వెదురు చీలిందంటే ఆ బోలు నిండా పురుగులే. కొమ్మ మందం ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది కాబట్టి కోడి రోజూ అరికాలి ఒకే భాగం మీద బరువు మొయ్యదు. ఇంత మంచి కొమ్మను పాడుచేసేవి రెండు: ఒలవని బెరడు, తాడుతో కట్టిన కొనలు.

రెడ్ మైట్లు అనే సన్నని రక్తం తాగే పురుగులు, గోమార్లు పగలు కోడి ఒంటి మీద ఉండవు. బెరడు కింద, తాడు ముడుల్లో దాక్కుని చీకటి పడ్డాక రక్తం తాగడానికి వస్తాయి. అందుకే పగలు కోడిని ఎంత వెతికినా ఏమీ దొరకదు, గుడ్లు మాత్రం తగ్గిపోతాయి, తల మీది ఎర్ర తురాయి పాలిపోతుంది. రాత్రి టార్చి వేసి, దండెం కింద తెల్ల కాగితం పట్టి కర్రను తట్టండి. రాలిన చుక్కల్ని వేలితో రుద్దితే ఎర్రటి గీత పడిందా, అవి మైట్లే. గోమారయితే తిండి లేకుండా ఏడాదికి పైగా బతుకుతుంది. గూడు కొన్నాళ్లు ఖాళీగా వదిలేస్తే పోతుందనుకోవద్దు.

వేప, జామ, చింత, సరుగుడు బాగుంటాయి. మునగ పెళుసు. సుబాబుల్ త్వరగా పుచ్చిపోతుంది. గన్నేరు, గ్లిరిసీడియా విషపు చెట్లు, వాటి జోలికి పోవద్దు. కొట్టిన రోజే బెరడు ఒలవాలి. పచ్చిగా ఉన్నప్పుడు పొడవాటి పట్టీలుగా వచ్చేస్తుంది, ఆరిందంటే కొడవలితో గీకినా రాదు. ఆపైన మూడు నాలుగు వారాలు నీడన ఆరబెట్టండి. కణుపుల మొనలు కోసేసి గరుకు కాగితంతో రుద్దండి, అద్దంలా నున్నగా మాత్రం చెయ్యొద్దు. చీలిక గుచ్చుకుంటే అరికాలు వాచి, మధ్యలో నల్ల చెక్కు కట్టి, లోపల చీము గట్టిపడుతుంది. అది మానడానికి చాలాకాలం పడుతుంది.

మందం 4 నుంచి 5 సెంటీమీటర్లు. ఒక్కో నాటుకోడికి 20, వనరాజా జాతి కోడికి 25 సెంటీమీటర్ల చోటు లెక్కేసుకోండి. పది వనరాజాలుంటే మొత్తం 2.5 మీటర్లు కావాలి. ఒకటే పొడవాటి కొమ్మ వేస్తే మధ్యలో వంగుతుంది, అందుకని 1.25 మీటర్లవి రెండు వెయ్యండి. గోడకు 30 సెంటీమీటర్లు, రెండు కొమ్మల మధ్య 35 ఎడం ఉండాలి. రెండూ ఒకే ఎత్తులో ఉండనివ్వండి. మెట్లుగా పెడితే పై కర్ర కోసం కొట్లాట, కింది కోళ్ల మీద రెట్ట.

వనరాజా లాంటి బరువు కోళ్లకు 45 నుంచి 60 సెంటీమీటర్ల ఎత్తు దాటొద్దు, దూకినప్పుడు కాళ్లు దెబ్బతింటాయి. తేలికపాటి నాటుకోళ్లకు 90 దాకా పెట్టొచ్చు. గుడ్ల పెట్టె మాత్రం దండెం కన్నా కిందే ఉండాలి, లేదంటే కోళ్లు పెట్టెలోనే పడుకుని గుడ్లన్నీ రెట్ట చేస్తాయి.

కొబ్బరి తాడుతో కట్టొద్దు, మేకులు దిగ్గొట్టొద్దు. అటు గోడకూ ఇటు గోడకూ ఒక్కో చెక్క బిగించి, అందులో గుర్రపు లాడం ఆకారంలో గాడి కొయ్యండి. కొమ్మ కొనల అడుగు భాగం చదునుగా చెక్కి గాడిలో కూర్చోబెడితే దొర్లదు, కడగాలన్నప్పుడు చేత్తో ఎత్తేయొచ్చు. నెలకోసారి బయటికి తీసి, మరిగే నీళ్లు పోసి ఎండలో పెట్టండి. గాడుల్లోనూ వేడినీళ్లు పొయ్యడం మరవొద్దు, పురుగు మిగిలేది అక్కడే. పురుగు ముదిరితే పశువైద్యుణ్ణి అడిగి, కోళ్లను బయటికి తోలి మందు కొట్టాలి. పాత ఇంజనాయిలు పూసే అలవాటు చాలాచోట్ల ఉంది. అది ఈకలకీ గుడ్లకీ అంటుకుంటుంది, మానెయ్యండి.

దండెం కింద రేకు పరిచి, రెట్టను రోజూ పొద్దున్నే ఎత్తెయ్యండి. వాసన పోతుందని తడి రెట్ట మీద సున్నం చల్లితే అమ్మోనియా ఇంకా పెరిగి కోళ్ల కళ్లు మండుతాయి. సున్నం బదులు పొడి రంపపు పొట్టు చల్లండి.