35వ పేరు: కళాశాల ఫార్వర్డ్‌ను అంచనా వేయడం ఎలా?

అందరికీ నమస్కారం.

కళాశాల బాస్కెట్‌బాల్‌లో బాగా ఆడుతున్న ఒక ఫార్వర్డ్ (బుట్టకు దగ్గరగా, పక్కల నుంచి ఆడే పొడవాటి ఆటగాడు), వృత్తి క్రీడాకారుడిగా నిలబడతాడో లేదో ముందే పసిగట్టడం ఎలా అన్నది ఈ రోజు విషయం. సూత్రాలతో మొదలుపెట్టను. ఇద్దరు ఆటగాళ్లను పక్కపక్కన నిలబెడతాను.

2011-12 సీజన్‌లో అమెరికా కళాశాలల్లో మారుమోగిన ఫార్వర్డ్‌లలో ఒకరు కాన్సాస్‌కు ఆడిన థామస్ రాబిన్సన్, మరొకరు మిషిగన్ స్టేట్‌కు ఆడిన డ్రేమాండ్ గ్రీన్. రాబిన్సన్ సగటు 17.7 పాయింట్లు, 11.9 రీబౌండ్లు (గురి తప్పిన బంతిని అందుకోవడం). గ్రీన్‌ది 16.2 పాయింట్లు, 10.6 రీబౌండ్లు. పెద్ద తేడా ఏముంది? అయినా ఆ జూన్‌లో జరిగిన ఎన్‌బీఏ (అమెరికా వృత్తి బాస్కెట్‌బాల్ లీగ్) డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే చోట, రాబిన్సన్‌ను శాక్రమెంటో 5వ పేరుగా పిలిచింది. గ్రీన్ మొదటి రౌండ్ మొత్తం కూర్చుని, రెండో రౌండ్‌లో 35వ పేరుగా గోల్డెన్ స్టేట్‌కు వెళ్లాడు. మొదటి రౌండ్‌లో ఎంపికైనవారి ఒప్పందానికి హామీ ఉంటుంది, రెండో రౌండ్ వారికి ఆ భరోసా ఉండదు.

తర్వాత ఏం జరిగిందో మీలో చాలామందికి తెలుసు. రాబిన్సన్ ఐదు సీజన్లలో ఆరు జట్లు మారి ఎన్‌బీఏ నుంచి తప్పుకున్నాడు. గ్రీన్ నాలుగు టైటిళ్లు గెలిచాడు, 2017లో ఉత్తమ డిఫెన్స్ ఆటగాడి పురస్కారం అందుకున్నాడు.

జట్ల కోసం ఆటగాళ్లను వెతికి అంచనా వేసే స్కౌట్లకు ఏమీ తెలియదని నవ్వుకోవడం తేలిక. కానీ గ్రీన్ మీద వాళ్లకున్న అనుమానాలు న్యాయమైనవే అంటాను. కళాశాల అతని ఎత్తు 6 అడుగుల 7 అంగుళాలని రాసుకుంది. బూట్లు విప్పి కొలిస్తే 6 అడుగుల 6 అంగుళాలు కూడా లేడు. బుట్ట దగ్గర బలంతో ఆడే పవర్ ఫార్వర్డ్‌కు ఆ ఎత్తు చాలదు, బయటి నుంచి ఆడే స్మాల్ ఫార్వర్డ్‌కు కావలసిన వేగం అతనిలో కనిపించలేదు. పైగా నాలుగేళ్లూ చదివి 22 ఏళ్ల వయసులో వచ్చాడు. 19 ఏళ్ల కుర్రాడు ఇంకా ఎదుగుతాడన్న ఆశ జట్లకు ఉంటుంది, 22 ఏళ్లవాడి విషయంలో ఆ ఆశ తక్కువ. రాబిన్సన్ మాత్రం పొడవు, కండ, ఎగిరే శక్తి అన్నీ ఉన్నవాడు. ఆ రోజు నేను ఆ బల్ల దగ్గర ఉంటే నేనూ రాబిన్సన్ పేరే చెప్పేవాడినేమో.

అయితే ఏం చూడాలి? ముందు ఈ రెండు ఆటలూ ఒకటి కావని ఒప్పుకోవాలి. కళాశాల మ్యాచ్ 40 నిమిషాలు, ఎన్‌బీఏలో 48. అప్పట్లో కళాశాల జట్టుకు షాట్ వేయడానికి 35 సెకన్లు దొరికేవి, ఎన్‌బీఏలో 24. అప్పటి కళాశాల త్రీ పాయింట్ గీత 20 అడుగుల 9 అంగుళాల దూరంలో ఉండేది, ఎన్‌బీఏలో ఎదురుగా 23 అడుగుల 9 అంగుళాలు. ఇంకో పెద్ద తేడాను చాలామంది పట్టించుకోరు. కళాశాలలో డిఫెండర్ బుట్ట కింద ఎంతసేపైనా కాపు కాయవచ్చు. ఎన్‌బీఏలో ఎవరినీ కాపలా కాయకుండా అక్కడ మూడు సెకన్లకు మించి నిలబడకూడదు. అందుకే అక్కడ కోర్టు విశాలమవుతుంది, ఫార్వర్డ్ బయటికి వచ్చి, బంతిని నడిపించే చురుకైన గార్డులను కూడా అడ్డుకోవలసి వస్తుంది.

రంజీల్లో పరుగుల వరద పారించినవారంతా టెస్టుల్లో నిలబడలేదని మనకు తెలుసు. ఇదీ అంతే. కళాశాలలో రాబిన్సన్ తన కంటే బలహీనులను తోసుకుంటూ వెళ్లేవాడు. ఎన్‌బీఏలో తనకు తీసిపోని బలమున్నవారే ఎదురయ్యారు. కళాశాలలో జట్టంతా అతని చుట్టూ తిరిగేది, ఎన్‌బీఏలో బంతి గార్డు చేతిలో ఉంటుంది. కాబట్టి నేను అడిగే మొదటి ప్రశ్న ఇది: ఇతని చేతిలోంచి బంతి తీసేస్తే ఇంకేం మిగులుతుంది?

గ్రీన్‌కు చాలా మిగిలింది. కళాశాలలో చివరి ఏడాది అతని అసిస్టుల (తోటివాడు పాయింట్లు చేయడానికి దారితీసిన పాస్‌ల) సగటు 3.8. రాబిన్సన్‌కు రెండు కూడా లేవు. ఎత్తు తక్కువైనా చాచిన చేతుల కొలత 7 అడుగులు దాటింది. గోల్డెన్ స్టేట్‌లో అతని సహచరుడైన షూటర్ స్టీఫెన్ కర్రీ మీదికి ఇద్దరు డిఫెండర్లు దూకినప్పుడల్లా బంతి కోర్టు మధ్యలో ఉన్న గ్రీన్‌కు చేరేది. అప్పుడు ముందు నలుగురికి ముగ్గురే అడ్డు. ఆ అర సెకనులో ఎవరికి ఇవ్వాలో తెలిసినవాడు కావాలి. మిషిగన్ స్టేట్ కోచ్ టామ్ ఇజ్జో శిక్షణలో గ్రీన్ నాలుగేళ్లు చేసింది అదే. పాయింట్ల వరుస దాటి చదివితే అది పట్టికలోనే ఉంది.

షూటింగ్ విషయంలో జాగ్రత్త. చివరి ఏడాది గ్రీన్ మూడు పాయింట్ల షాట్లలో 38.8 శాతం వేశాడు, ఎన్‌బీఏ మొదటి సీజన్‌లో అది 20.9కి పడిపోయింది. నేను ఫ్రీ త్రోలను (ఎదుటివారి ఫౌల్‌కు దొరికే షాట్లను) ఎక్కువ నమ్ముతాను. ఎందుకంటే ఆ గీత రెండుచోట్లా 15 అడుగులే, అడ్డు వచ్చేవాడూ ఉండడు. సాన్ డియాగో స్టేట్ కళాశాలలో కవాయ్ లెనర్డ్ అనే ఫార్వర్డ్ దూరం షాట్లు 30 శాతం కూడా లేవు, కానీ చివరి ఏడాది ఫ్రీ త్రోలు 76 శాతం దాకా వేశాడు. ఎన్‌బీఏ జట్టు శాన్ ఆంటోనియోలో షూటింగ్ కోచ్ చిప్ ఎంగెలాండ్ అతని చేతి తీరు సరిదిద్దాక, మొదటి సీజన్‌లోనే ఎన్‌బీఏ గీత నుంచి 37.6 శాతం వేశాడు. ఇది ప్రతిసారీ పనిచేసే కొలబద్ద కాదు. గ్రీన్ నేటికీ నిలకడైన షూటర్ కాలేదు.

పాయింట్లను మాత్రమే చూసి మోసపోవడానికి ఆడమ్ మోరిసన్‌ను ఉదాహరణగా చెబుతుంటారు. గొంజాగాలో 2005-06లో సగటున 28.1 పాయింట్లు చేసి, డ్రాఫ్ట్‌లో 3వ పేరయ్యాడు, ఎన్‌బీఏలో నిలవలేదు. అయితే 2007లో మోకాలి లిగమెంటు తెగిన సంగతి చెప్పకుండా అతని వైఫల్యం గురించి మాట్లాడడం అన్యాయం.

అదృష్టం పాత్రను కూడా లెక్కలో వేసుకోవాలి. 2014లో సీజన్ ఆరంభంలో గోల్డెన్ స్టేట్ ఫార్వర్డ్ డేవిడ్ లీ తొడ కండరం పట్టేయకపోతే, కొత్త కోచ్ స్టీవ్ కెర్ గ్రీన్‌ను మొదటి ఐదుగురిలో అంత త్వరగా నిలిపేవాడా? కర్రీ, క్లే థాంప్సన్ లాంటి షూటర్లు లేని జట్టులో గ్రీన్ పాస్‌లు ఎవరికి అందేవి? రాబిన్సన్‌ను శాక్రమెంటో మొదటి సీజన్ మధ్యలోనే వదులుకోకపోతే ఏమయ్యేది? ఏ స్కౌటూ వీటిని ముందుగా చూడలేడు.

అందుకే ఎవరైనా ఒక ఫార్వర్డ్‌ను చూడమని నాకు వీడియో పంపితే, అతను 30 పాయింట్లు చేసిన మ్యాచ్ వద్దంటాను. షాట్లు పడని రోజు మ్యాచ్ పంపమంటాను. ఆ రోజు వెనక్కి పరిగెత్తాడా, తన మనిషిని వదిలి సాయానికి సమయానికి వచ్చాడా, కుదురుగా పాస్ ఇచ్చాడా అన్నది చూసి అప్పుడు మాట్లాడతాను.

ఇక మీ ప్రశ్నలు అడగండి.