గండికోట, బెలుం, లేపాక్షి: కెమెరా సంచిలో ఏం పెట్టుకున్నాను, ఏం తీసేశాను

హాయ్ అండీ, ప్రొద్దుటూరు నుంచి మాట్లాడుతున్నాను. డల్లాస్‌లో పిల్లలకు సెలవులు వచ్చేదే మే చివర్లో, మేము ఇక్కడికొచ్చేది జూన్‌లో కాబట్టి ఎప్పుడు వచ్చినా ఇక్కడ ఎండ, దుమ్ము, ఈదరగాలి మూడూ కలిసే ఎదురొస్తాయి. మా ఆయన చిన్నదాన్ని ఎత్తుకుంటాడు, కెమెరా సంచి నా భుజానికి. అందుకని ఈసారి నీళ్ళ సీసాతో సహా అంతా ఒక్క చిన్న సంచిలో పట్టాల్సిందేనని ముందే అనుకున్నా. సామానంతా మంచం మీద పరిచి ఏరుతుంటే మా చిన్నాయన కొడుకు గుమ్మంలో నిలబడి, "అక్కా, మనం గండికోటకు పోతాండామా, పెండ్లి వీడియో తీయడానికి పోతాండామా?" అన్నాడు. వాడి మాటకు నవ్వొచ్చింది కానీ అడిగింది సరైన ప్రశ్నే. అందుకే ఒక్కో వస్తువూ చేతికి తీసుకుని నన్ను నేను ఇట్లా అడుక్కున్నా. ఆ చోట ఎండకో, గాలికో, దుమ్ముకో, చీకటికో ఈ వస్తువు లేకపోతే నా ఫోటో పాడవుతుందా? పాడవదంటే ఆ వస్తువు ఇంట్లోనే ఉండాలి.

మొదట డ్రోన్ సంగతి, ఎందుకంటే గండికోట అనగానే అందరికీ పెన్నానది లోయ మీద డ్రోన్ ఎగరేయాలనే ఉంటుంది. నేను డల్లాస్‌లోనే వదిలేసి వచ్చా. 2022 ఫిబ్రవరి నుంచి విదేశాల నుంచి మన దేశానికి డ్రోన్ల దిగుమతి నిషేధం. రక్షణ, పరిశోధన లాంటి వాటికి తప్ప మినహాయింపు లేదు. ఎయిర్‌పోర్టులో కస్టమ్స్ వాళ్ళతో వాదించే ఓపిక ఉంటే మీ ఇష్టం.

ఇక ట్రైపాడ్. దీని గురించి కొంచెం ఎక్కువే చెప్తాను, ఎందుకంటే సంచి బరువంతా ఇక్కడే పెరుగుతుంది. తేలికైన ట్రైపాడ్ కొంటే జూన్ గాలికి లోయ అంచున అది వణుకుతుంది. వణకనిది కొంటే మోయలేం. పైగా గండికోట, లేపాక్షి రెండూ పురావస్తు శాఖ రక్షణలో ఉన్న చోట్లు, అక్కడ ట్రైపాడ్ పెట్టాలంటే ముందుగా అనుమతి కావాలి. దానికి బదులు నేను పెట్టుకునేది అరచేతికి కొంచెం పెద్దగా ఉండే గుడ్డసంచి. అమెరికా నుంచి ఖాళీగా తెస్తాను, అప్పుడది ఒక చేతిరుమాలు బరువు. ఇక్కడికొచ్చాక బియ్యం పోసి మూతి గట్టిగా కుట్టేస్తాం. మా జేజి, "తినే బియ్యంతో ఆటలేందే?" అని ఒక మాట అని, తానే దబ్బనంతో కుట్టిచ్చింది. కోటగోడ మీద ఆ సంచి పెట్టి, దానిమీద కెమెరాను అదిమి, రెండు సెకన్ల టైమర్ పెట్టి చెయ్యి తీసేస్తే చాలు. రాయి ఎగుడుదిగుడుగా ఉన్నా సంచి దానికి సర్దుకుంటుంది, మాధవరాయ గుడి గోపురాన్ని చీకటి పడ్డాక కూడా అట్లాగే తీశాను. తిరిగి వెళ్ళేటప్పుడు కుట్టు విప్పేస్తే సంచి మళ్ళీ ఖాళీ.

పోలరైజర్ ఫిల్టర్ మాత్రం తప్పనిసరిగా ఉండాలి, అంటే లెన్సు ముందు బిగించే, మెరుపును తగ్గించే అద్దం. పెన్నా లోయలో ఎర్రరాతి మీద, కింద నీళ్ళ మీద ఎండ మెరుపు ఎంత ఉంటుందంటే రంగంతా కడిగేసినట్టు అవుతుంది. ఫిల్టర్‌ను మెల్లగా తిప్పితే ఆ తెల్ల మెరుపు తగ్గి రాతి ఎరుపు బయటికొస్తుంది. ఫోన్ ఎడిటింగ్‌లో ఇది చేయలేం, ఎందుకంటే మెరుపు కింద ఉన్న రంగు అసలు ఫోటోలోకే రాలేదు కదా. సూర్యుడు మీకు పక్కగా ఉన్నప్పుడు బాగా పనిచేస్తుంది, ఎదురుగానో వెనకో ఉంటే పెద్ద తేడా ఉండదు. మరీ వైడ్ లెన్స్‌కు, అంటే ఎక్కువ వెడల్పు దృశ్యాన్ని పట్టే లెన్సుకు పెడితే ఆకాశం ఒకచోట ముదురు నీలం, ఒకచోట లేత నీలంగా వస్తుంది, అది చూసుకోండి. వెలుతురు ఒకటిన్నర స్టాప్ దాకా తగ్గుతుంది (ఒక స్టాప్ అంటే వెలుతురు సగానికి తగ్గడం), ఆ ఎండలో అదేమంత నష్టం కాదు. లెన్సుకో ఫిల్టర్ కొనకండి, పెద్ద లెన్సు సైజుది ఒకటి కొని చిన్నవాటికి ఆ పెద్ద ఫిల్టర్ పట్టేలా మధ్యలో బిగించే స్టెప్-అప్ రింగ్ వేసుకుంటే చాలు.

వ్లాగ్ చేసేవాళ్ళకు ఇంకొకటి, మైకుకు తొడిగే బొచ్చుటోపీ. బరువే ఉండదు. అది లేకపోతే లోయ అంచున మీరేం మాట్లాడినా వినిపించేది గాలి హోరే. లెన్సు కంటే దీనికే నేను ముందు డబ్బులు పెడతాను, నిజంగా.

దుమ్ముకు రబ్బరు బ్లోయర్, ఒక మైక్రోఫైబర్ గుడ్డ. ముందు గాలి ఊది, తర్వాతే గుడ్డతో తుడవాలి. ఇసుక రేణువు ఉండగా తుడిస్తే అద్దం మీద గీత పడుతుంది. గాలి నింపిన స్ప్రే డబ్బాలు అమెరికాలో సులభంగా దొరుకుతాయి కానీ విమానంలో అనుమతించరు. గాలి వీస్తున్నప్పుడు లెన్సు మార్చకండి, కారులో కూర్చుని అద్దాలు ఎత్తుకుని మార్చండి. నేనైతే అసలు ఒకే లెన్సుతో పోతాను.

బ్యాటరీలు ఎండకు పెద్దగా ఖర్చు కావు, వీడియోకు ఖర్చవుతాయి. ఒకటి కెమెరాలో, రెండు సంచిలో, ఒక పవర్ బ్యాంకు. విడి బ్యాటరీలు, పవర్ బ్యాంకు చెక్-ఇన్ సూట్‌కేసులో పెట్టకూడదు, చేతిసంచిలోనే ఉండాలి. 100 వాట్-అవర్ల లోపు ఉంటే అడ్డు చెప్పరు, 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు అంటే 74 వాట్-అవర్లే. ఛార్జర్ మీద 100-240 వోల్టులని రాసుందో లేదో చూసుకోండి, ఉంటే వోల్టేజీ మార్చే బరువైన కన్వర్టర్ అక్కర్లేదు, గుండ్రటి పిన్నుల అడాప్టర్ ఒకటి చాలు. మెమరీ కార్డుల మీద వి30 అని ఉంటే (అది వీడియో రాసుకునే వేగం గుర్తు) 4కె వీడియోకు సరిపోతుంది. ఒక్క పెద్దది కాకుండా రెండు చిన్నవి తీసుకోండి, ఒకటి పోయినా ఒకటి మిగులుతుంది.

బెలుం గుహల్లో కథ వేరే. ఇప్పుడది నంద్యాల జిల్లా కిందికి వచ్చింది కానీ మా ఇంట్లో అందరూ ఇంకా కర్నూలు బెలుం అనే అంటారు. మొత్తం పొడవు 3,229 మీటర్లు, మనం తిరగగలిగేది ఒకటిన్నర కిలోమీటర్లు. లోపల ఉక్క. ఏసీ కారులోంచి దిగి నేరుగా లోపలికి పోతే చల్లటి లెన్సు మీద ఆవిరి పట్టేస్తుంది, ఎంత తుడిచినా మళ్ళీ పడుతుంది. దీనికి మందు వంటింట్లో ఉండే జిప్ కవరు. కారులోనే కెమెరాను అందులో పెట్టి గాలి రాకుండా మూసేసి, టికెట్లు తీసుకుని, పిల్లలకు నీళ్ళు తాగించి, కెమెరా వేడెక్కాకే బయటికి తీయండి. ఇంకొకటి, అమెరికాలో కరెంటు సెకనుకు 60 సైకిళ్ళు, ఇక్కడ 50. అక్కడి అలవాటుకొద్దీ షట్టర్‌ను, అంటే ఒక్కో ఫ్రేముకు వెలుతురు పడే సమయాన్ని, సెకనులో 1/60 వంతు మీద ఉంచితే గుహలో లైట్ల కింద వీడియోలో నల్లపట్టీలు పారే అవకాశం ఉంది. 1/50కో 1/100కో మార్చుకోండి. ఇరుకు సందుల్లో వంగి పోవాలి, వీపు సంచి రాతికి తగులుతుంది, అందుకే భుజానికి అడ్డంగా వేసుకుని ముందుకు తిప్పుకునే సంచి మేలు.

ఫ్లాష్ తీసేశాను. లేపాక్షి నాట్యమండపం పైకప్పు మీద గిరిజా కల్యాణం, కిరాతార్జునీయం బొమ్మలున్నాయి, విజయనగర కాలం నాటి రంగులు, వాటి మీద ఫ్లాష్ కొట్టడం తప్పు. వెలుతురు తక్కువే, మెడ ఎత్తి చేత్తో తీస్తే వణుకు వస్తుంది. అక్కడ మళ్ళీ బియ్యం సంచే. నేల మీద పెట్టి, దానిమీద కెమెరాను లెన్సు పైకి ఉండేలా పడుకోబెట్టి, తెరను బయటికి తిప్పి, టైమర్ నొక్కి పక్కకు జరిగితే ఒకటి రెండు సెకన్ల షట్టర్‌కైనా బొమ్మ కదలదు. జనం ఎక్కువుంటే మాత్రం కాపలాకు మా తమ్ముడి లాంటివాడు ఒకడు కావాలి, వాడు చేతులు చాపి, "పక్కగా రాండన్నా, కెమెరా ఉంది" అంటూ అందరినీ దాటించాడు. ఆ ఫోటోలు, ఒక్కోదానికి పెట్టిన సెట్టింగులు వచ్చే వీడియోలో చూపిస్తాను.